బువ్వబంతిలో ఖాళీ పీట

అన్నం బేసిన్ చంకన పెట్టుకుని వడ్డిస్తూ పోతున్నాను, నేను పోతున్నకొద్దీ బంతి పొడుగవుతోంది. ఇది మా హాస్టల్ వరండాయే, అదే సిమెంటు గచ్చు, అదే తడిబట్టల వాసన, ఎదురెదురుగా రెండు వరసల్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్న ఆడపిల్లలు, ముందు స్టీలు కంచాలు. కానీ తలెత్తి చూస్తే పైన రేపు మా అమ్మాయి సింధూర పెళ్ళి జరగబోయే కల్యాణమండపం కప్పు, బంతిపూల దండలు, తిరుగుతున్నా గాలి రాని ఫ్యాన్లు. రెండూ ఒకేచోట ఎట్లా ఉన్నాయన్న అనుమానం నాకు రావడం లేదు. నా దిగులల్లా బేసిన్లో అన్నం అయిపోతే ఎట్లా అనే. అయిపోతే నేను ఆగాలి, ఆగితే ఎవరో ఒక మహాతల్లి "ఎంతసేపు వడ్డిస్తావు, ఇక నువ్వూ కూర్చోవమ్మా" అంటుంది.

ఆ మాట అననే అంటారు. ఎవరో తెలియదు, మొహం కనబడదు, పట్టుచీర చప్పుడు మాత్రం వినబడుతుంది. "మీరు కానివ్వండి, నాకు కిటికీలో మూతపెట్టి ఉంచుకున్నాను, తర్వాత తింటాను" అంటాను, నా జన్మంతా అంటున్న మాటే. "చూశారా, అందరూ తిన్నాక గానీ మెతుకు ముట్టదు" అని ఆ చీర పక్క చీరతో మెచ్చుకోలుగా చెబుతుంది. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఊరంతా ఇదే చాటింపు వేసింది. మహా ఇల్లాలినట! నా బొంద. నలుగురిలో కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకోవాలంటే నాకు గొంతు మూసుకుపోతుందనీ, అందుకే ఆఖరి దాకా ఆగి వంటింట్లో గోడవైపు తిరిగి నిలబడి గబగబా మింగుతాననీ ఈ లోకంలో ఎవరికీ తెలియదు. కట్టుకున్న మనిషికీ తెలియదు, కన్న కూతురికీ తెలియదు.

వరస చివర ఎవరో ఒక ఖాళీ కంచం నా ముందుకు చాపుతారు. "నాకు పెట్టవా భ్రమరా?"

ఆ గొంతు వినగానే చంకలో బేసిన్ జారుతుంది, పట్టుకుంటాను. కస్తూరి. హాస్టల్ వాళ్ళిచ్చిన నీలం పావడా, తెల్ల ఓణీ, కానీ జుట్టు నెరిసిపోయి ఉంది, మెడ కింద చర్మం వదులైంది. చిన్నపిల్ల బట్టలు ముసలిదానికి తొడిగారేమిటని ఎవరూ అడగడం లేదు. తను పోయిందని నాకు తెలుసు. పెళ్ళిచీరలకి చీరాల వెళ్ళినప్పుడు, మాతో హాస్టల్లో చదివిన ఉషారాణి కొట్లోనే కనబడి చెప్పింది. "కస్తూరి పోయిందే, తెలుసా? పాపం, పదోరోజున కాకి ముట్టలేదంట. కొడుకొచ్చి మాటిచ్చాడు, మొగుడొచ్చి మాటిచ్చాడు, తోబుట్టువులొచ్చి దణ్ణం పెట్టారు. అయినా ఆ ముద్ద జోలికి రాలేదు. ఎండలో చూసీ చూసీ ఆఖరికి ఆవుకి పెట్టేశారంట. ఏం కోరిక మిగిలిపోయిందో ఏమో." పోయినవాళ్ళ మనసులో ఏదైనా మిగిలిపోతే వాళ్ళ పేరున పెట్టిన ముద్దని కాకి ముట్టదని మా వైపు గట్టి నమ్మకం. నేను చేతిలో ఉన్న చీర అంచు చూస్తూ "అయ్యో" అన్నాను. లోపల మాత్రం బాగా అయిందనుకున్నాను.

"ఏందే అట్టా గుడ్లప్పగించి చూస్తావు, పెట్టు. ఆకలి దంచుతోంది" అంటుంది కస్తూరి.

గరిటెడు అన్నం తీసి కంచంలో వేస్తాను. కంచం ఖాళీగానే ఉంటుంది. ఇంకో గరిటె వేస్తాను. అన్నం గరిటె లోంచి పడుతున్నట్టే ఉంది, కంచంలోకి మాత్రం చేరడం లేదు.

"చూశావా, ఇదీ నా బతుకు" అని నిట్టూరుస్తుంది ఆ చచ్చిన మనిషి.

నాకు ఒళ్ళు మండుతుంది. "నీకు నేనెందుకు పెట్టాలే? నువ్వు నాకేం చేశావో గుర్తుందా?"

"ఏం చేశానే?" అంటుంది. నటన కాదు. నుదురు చిట్లించి నిజంగానే ఆలోచిస్తోంది. "జడ లాగానా? అది ఉషారాణిది కదా. నీ ఓణీ ఏమన్నా తీసుకుని ఇవ్వలేదా?"

ఏ గుడికి పోయి చెప్పుకోను నా గోడు! ఆరో తరగతిలో మా నాన్న నన్ను హాస్టల్లో దింపి వెళ్ళిన రోజు సాయంత్రం, ఇదే వరండాలో ఇదే గచ్చు మీద కూర్చున్నాను. పొగలు కక్కే అన్నం, పప్పు, పక్కన ఉడికించిన కోడిగుడ్డు. మా ఇంట్లో గుడ్డు నాన్నకీ అన్నకీ మాత్రమే. నాకంటూ ఒక గుడ్డు పూర్తిగా రావడం అదే మొదలు. ఇంటి మీద బెంగ ఒకవైపు, ఆకలి ఒకవైపు, కళ్ళు మూసుకుని ఇంత పెద్ద ముద్ద చేసి నోరంతా తెరిచి పెట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్న ఈ కస్తూరి, చంటిపిల్లలకి అన్నం పెట్టేటప్పుడు తల్లులు అంటారే, అట్లా తనూ నోరు తెరిచి "ఆం" అంది. వరసంతా ఘొల్లుమంది. రెండో ముద్దకి ఇద్దరు ముగ్గురు కలిసి అన్నారు. మూడో ముద్ద ఎత్తేసరికి రెండు వరసలూ కలిసి "ఆం". చిన్న ముద్ద తీస్తే సన్నగా "ఆం", పెద్దదైతే సాగదీసి "ఆఆం", మంచినీళ్ళు తాగితే "గుటుక్కు". వార్డెన్ మేడమ్ వచ్చి ఏమిటా గోలంటే "భ్రమరకి బువ్వ తినిపిస్తున్నాం మేడమ్" అంది కస్తూరి. ఆవిడ కూడా నవ్వింది. నవ్వి వెళ్ళిపోయింది. ఆ గుడ్డు నేను తినలేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నెలలు గడిచినా పొద్దునా సాయంత్రమూ అదే ఆట, వాళ్ళకి విసుగు రాలేదు. చివరికి నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. వడ్డన పని నాకివ్వమని మేడమ్‌ని అడిగి తీసుకున్నాను, పది పాసై బయటపడే దాకా, అందరూ లేచి వెళ్ళాక నీళ్ళ తొట్టి వెనక గోడవైపు తిరిగి నిలబడి తినేదాన్ని. సేవాభావం గల పిల్లనని పంద్రాగస్టు నాడు అందరి ముందూ నాకు స్టీలు గ్లాసు బహుమతి ఇచ్చారు. కస్తూరే అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది.

"ఆం అన్నావు" అంటాను ఇప్పుడు.

"ఏంటీ?"

"నేను తింటుంటే. ప్రతి ముద్దకీ. ఆం అన్నావు, అందరిచేతా అనిపించావు."

కస్తూరి ఖాళీ కంచంలోకి చూస్తుంది, ఆకాశంలోకి చూస్తుంది. కప్పు ఉండాల్సిన చోట ఇప్పుడు ఆకాశమే ఉంది. "అన్నానేమోలే" అంటుంది. "పిల్లలం. ఒకళ్ళనొకళ్ళం ఏదోటి అనుకునేవాళ్ళం కదే. అదింకా మనసులో పెట్టుకున్నావా?"

అన్నానేమోలే! నేను బేసిన్ కింద పడేస్తాను. చప్పుడు రాదు. అన్నం గచ్చు మీద పరుచుకుని పోతుంది, వరసల్లో కూర్చున్న పిల్లలు ఎవరూ తలెత్తరు, నేను మాత్రం అరుస్తూనే ఉంటాను, మాట వెనక మాట తోసుకుని వస్తోంది. "నా పెళ్ళిలో బువ్వబంతిలో కళ్ళు తిరిగినట్టు నటించి పడిపోయానే, తెలుసా? కొత్తలో మా ఆయన ముచ్చటపడి హోటలుకి తీసుకెళ్తే, దోసె ముందు పెట్టుకుని, కడుపునొప్పని చెప్పి బాత్రూంలో దూరి కూర్చున్నానే. మళ్ళీ ఆ మనిషి నన్ను ఎక్కడికీ రమ్మనలేదు. కాన్పయ్యాక ఆస్పత్రిలో నర్సు తలుపు దగ్గర నిలబడిందని పాలు కూడా మింగలేకపోయానే. రైల్లో వెళ్తే మాడి చావడమే, పెళ్ళికి వెళ్తే పిల్లల్ని ఎత్తుకుని తిరగడమే. నా కూతురికి అన్నప్రాశన నాడు మా అత్త 'ఆం అనవే, నోరు తెరుస్తుంది' అంటే నా నోరు పెగల్లేదు. ఏ తల్లికైనా వచ్చే మాటే, కస్తూరీ! మా అత్తే అని పెట్టింది. ఆ తర్వాత దానికి పాటలు పాడి పెట్టాను, కాకమ్మనీ పిచ్చుకమ్మనీ చూపించి పెట్టాను, ఆ ఒక్క మాట ఛస్తే అనలేదు. అన్నానేమోలే అంటావా?"

కస్తూరి వింటోందో లేదో కూడా తెలియదు. తలతిప్పి వరస అవతలికి చూస్తోంది.

నేనూ అటు చూస్తాను. అక్కడ బువ్వబంతి వేశారు. మా వైపు పెళ్ళిలో తలంబ్రాలయ్యాక, పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ, రెండువైపుల తల్లులూ తండ్రులూ ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని తినాలి. వచ్చినవాళ్ళందరూ చుట్టూ మూగి వేళాకోళాలాడతారు. "వియ్యపురాలి ముద్ద చూడండి, ఎంతుందో", "నోరు ఇంకొంచెం తెరువమ్మా" అంటూ ఒకటే గోల. అదొక సరదా. కొత్తగా కలిసిన రెండు కుటుంబాలకీ మొహమాటం పోవడానికి పెద్దలు పెట్టిన సరదా. పళ్ళెం నిండా అన్నం, పప్పు, నెయ్యి, అరిసెలు. చుట్టూ పీటలు. అన్ని పీటల మీదా మనుషులున్నారు. సింధూర పక్కన పీట ఒక్కటే ఖాళీ.

సింధూర పెళ్ళిబట్టల్లో కూర్చుని ఆ పీట వంకే చూస్తోంది. నిన్న వంటింటి గడపలో నిలబడి అది అడిగిన మాట మళ్ళీ ఇక్కడ వినబడుతుంది, పెదాలు కదపకుండానే అంటోంది. "అమ్మా, నాకు నగలు తక్కువైనా నేనేమీ అనుకోను. బువ్వబంతిలో నా పక్కన కూర్చుని తిను, చాలు. నేను పుట్టాక నువ్వు తినడం ఒక్కసారి కూడా చూళ్ళేదు. చిన్నప్పుడు కంచం పట్టుకుని నీ వెనక తిరిగేదాన్ని, గుర్తుందా? నువ్వెళ్ళి తినమ్మా, నాకు పనుంది అనేదానివి. నాతో కూర్చుని తినడం నీకెందుకు ఇష్టం లేదో నాకిప్పటికీ తెలీదు." నేనేమన్నాను? "పెళ్ళిలో వడ్డన ఎవరు చూస్తారే, పనులుంటాయి కదా" అన్నాను. అది మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ మాట్లాడలేదు. రేపు ఆ పీట ఖాళీగా ఉంటే, మా అమ్మకి నేనంటే ఇష్టం లేదన్న మాటని మూటగట్టుకుని అది అత్తారింటికి పోతుంది. నా బిడ్డ!

నేను ఆ పీట వైపు పరుగెడతాను. కాళ్ళకింద అన్నం మెత్తగా జారుతోంది. ఎంత పరుగెత్తినా వరండా తరగదు, పైగా పక్కకి మళ్ళుతుంది, మళ్ళి మళ్ళి నన్ను నీళ్ళ తొట్టి వెనక్కి తెచ్చి వదులుతుంది. నా పాత గోడ. తిన్నాక వేళ్ళు రాసుకునేదాన్ని, ఆ పసుపు మరకలు ఇంకా గోడ మీద ఉన్నాయి. గోడ అవతల సన్నాయి వినబడుతోంది, వేళాకోళాలు వినబడుతున్నాయి, మధ్యమధ్యలో "అమ్మా" అని సింధూర గొంతు. గోడకి తలుపు లేదు. అటూ ఇటూ వెతుకుతాను, చేతులతో తడుముతాను, లేదు.

తొట్టి గట్టు మీద కస్తూరి కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని ఉంది.

"ఓహో, ఇక్కడ తినేదానివా?" అంటుంది. "నాకు తెలీనే తెలీదు."

నాకు కోపం కూడా రావడం లేదిప్పుడు. గచ్చు మీద మోకాళ్ళ మీద కూలబడి దాని పావడా అంచు పట్టుకుంటాను. ఛీ, దీని కాళ్ళ దగ్గరా నేను! అయినా పట్టుకుంటాను. "కస్తూరీ, నీకు పుణ్యముంటుంది. ఆ మాట వెనక్కి తీసుకో. క్షమించమని కూడా అడగొద్దు, నాకక్కర్లేదు. ఆ మాట తీసుకుపో చాలు. రేపొక్క పూట నేను నా కూతురు పక్కన కూర్చోవాలి."

"ఎట్టా తీసుకోనే?" అంటుంది, నిజంగానే జాలిగా. "ఆ మాటన్న నోరు ఉండొద్దూ? కాల్చేశారు కదా."

దాని మొహం చూస్తాను. పెదాలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. మరి ఇంతసేపూ మాట్లాడింది ఎక్కడినుంచో నాకు అర్థం కాదు.

"పోనీ రేపు అక్కడికి రాకు. నా ఎదురుగా కూర్చోకు. అది చాలు."

"నేనెప్పుడొచ్చానే?" ఇప్పుడు దాని గొంతులో విసుగు. "బడి వదిలాక నీ మొహం కూడా గుర్తులేదు నాకు. పెళ్ళి, పిల్లాడు, రోగం, నా గొడవలు నాకున్నాయి. నువ్వే నన్ను పిలుస్తావు. కంచం ముందు పెట్టుకోవడం, నన్ను లాక్కొచ్చి ఎదురుగా కూర్చోబెట్టడం. కూర్చోబెట్టి ఒక ముద్దన్నా పెడతావా? పెట్టవు. నేను చూస్తా కూర్చోవాలి. ఇన్నేళ్ళూ నీ వంటింట్లో ఆకలితో మాడి చస్తన్నా."

"సిగ్గులేదే నీకు? చచ్చి కూడా తప్పు నామీదే పెడతావా?"

"తప్పనడంలా. ఆకలేస్తందంటన్నా."

"ఎందుకన్నావే ఆ మాట? అది చెప్పు. నేనేం చేశాను నీకు? కొత్తగా వచ్చాను. నీతో ఒక్క మాటన్నా మాట్లాడలేదు. నీ గుడ్డు లాక్కున్నానా? నీ చోట్లో కూర్చున్నానా? ఎందుకన్నావు?"

కస్తూరి కాళ్ళు ఊపుతూనే ఉంది. తొట్టిలో నీళ్ళు కదలడం లేదు.

"ఎందుకో ఏముందే" అంటుంది. "ఊరికే."

ఊరికే. నేను ఆ మాట కోసమేనా ఇన్నేళ్ళు కాచుకున్నది? నేనేదో వికారంగా తిన్నానేమో, నా నోరు అందవిహీనంగా ఉందేమో, పేదింటి ఆబ కనబడిందేమో, ఏదో ఒకటి ఉండి ఉంటుందని అద్దంలో నోరు తెరిచి చూసుకున్న రోజులున్నాయి. ఏమీ లేదట. నా పెళ్ళి విందు, నా మొగుడి ముచ్చట, నా బిడ్డ బువ్వ, అన్నీ ఊరికే పోయాయట. నేను గోడకేసి తల బాదుకుంటాను. గోడ మెత్తగా ఉంది, దెబ్బ కూడా తగలదు, ఏడుద్దామంటే ఏడుపు రాదు, అవతల సింధూర "అమ్మా, అన్నం చల్లారిపోతోంది" అంటోంది.

"ఒక్క ముద్ద పెట్టవే" అంటుంది కస్తూరి, చాలా మెల్లగా. "అందరూ మాటలిచ్చారు, నాకు మాటలెందుకు? పెట్టు, వెళ్ళిపోతా."

నా కుడిచేతిలో అన్నం ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. పప్పూ నెయ్యీ కలిసి ఉన్నాయి, మధ్యలో ఒక గుడ్డు ముక్క. పెట్టాలని లేదు. గోడ అవతలికి వెళ్ళాలంటే ఇదొక్కటే దారని మాత్రం ఎందుకో తెలుస్తోంది, ఎట్లా తెలుస్తోందో తెలియదు. ముద్ద చేసి దాని మొహం దగ్గరికి తీసుకెళ్తాను. అతుక్కున్న పెదాలు అట్లానే ఉంటాయి.

"తెరువు."

"ఆ మాటంటే గానీ తెరుచుకోదే" అంటుంది. "చంటిపిల్లకి పెట్టినట్టు పెట్టాలి."

"నా వల్ల కాదు."

"అయితే ఇద్దరం ఇక్కడే ఉందాం" అంటుంది. బెదిరింపు కాదు, ఊళ్ళో వర్షం పడుతోందన్నట్టు చెబుతుంది.

నేను ప్రయత్నిస్తాను. దేవుడా, ఎంత చిన్న మాట! పలకా బలపం పట్టని పిల్లకి కూడా వచ్చే మాట. గొంతు దాకా వస్తుంది, అక్కడ వరండాలో పిల్లలందరూ ఒక్కసారిగా "ఆం" అని ఘొల్లుమంటారు, మాట వెనక్కి దిగిపోతుంది. మళ్ళీ తెచ్చుకుంటాను. మళ్ళీ ఘొల్లు. మెతుకులు జారుతున్నాయి, కస్తూరి చిన్నదైపోతోంది, నెరిసిన జుట్టు నల్లబడింది, పావడా లాగూ అయింది, తొట్టి గట్టు మీద కూర్చున్నది నా సింధూరే, పళ్ళు కూడా రాని సింధూర, అన్నప్రాశన నాటి వెండి మొలతాడుతో, నా చేతి వంకా నా నోటి వంకా మార్చి మార్చి చూస్తోంది. మళ్ళీ కస్తూరి. మళ్ళీ సింధూర. ఎవరైతేనేం, ఆకలితో ఉంది. గోడ అవతల సన్నాయి ఆగిపోయింది. "అమ్మ రాదులే, మీరు తినండి" అంటోంది పెళ్ళికూతురు సింధూర, ఎవరితోనో.

"ఆ..." అంటాను. గొంతు చీరుకుపోయినట్టుంది. "ఆ... ఆ..."

నోరు తెరిస్తే గానీ ఆ అక్షరం రాదు. బిడ్డ నోరు తెరవాలంటే ముందు తల్లి నోరు తెరుచుకోవాలి, అది నాకెవరూ చెప్పలేదు, నేనెప్పుడూ చేయలేదు. నా నోరు తెరుచుకుంటోంది, ఎన్నాళ్ళుగానో బిగుసుకున్న దవడ నొప్పెడుతోంది, "ఆం" అని బయటికి వచ్చేస్తుంది. ఎదుట పెదాలు విడివడ్డాయో లేదో చూసేలోగా ఒక చల్లటి చెయ్యి నా మణికట్టు పట్టుకుని ముద్దని నా నోటికేసి తిప్పుతుంది. నోరు నిండిపోతుంది. నెయ్యి, పప్పు, గుడ్డు. గోడ లేదు. నేను పీట మీద ఉన్నాను. చుట్టూ జనం మూగి ఉన్నారు, అందరి కళ్ళూ నా నోటి మీదే ఉన్నాయి, ఉమ్మేద్దామంటే చోటు లేదు, పారిపోదామంటే దారి లేదు. వాళ్ళలో ఎక్కడో ఒక చప్పుడు మొదలవుతోంది. నవ్వో ఏడుపో తెలియదు. భయంతో ప్రాణం పోతోంది. కళ్ళు గట్టిగా మూసుకుని నములుతున్నాను, నములుతున్నాను.

కళ్ళు తెరిచేసరికి మిట్టమధ్యాహ్నపు ఎండ వంటింటి గచ్చు మీద పడి ఉంది. వచ్చినవాళ్ళకి వడ్డించీ వడ్డించీ, నా కంచం కిటికీ గట్టు మీద మూతపెట్టి, ఒక్క నిమిషమని చాప మీద ఒరిగాను. అట్లానే నిద్రపట్టేసింది. నోట్లో ఏమీ లేదు. దవడ మాత్రం ఇంకా ఆడుతోంది.

గడపలో సింధూర నిలబడి ఉంది. రెండు చేతులకీ మోచేతుల దాకా తడి గోరింటాకు, ఎక్కడా తగలకుండా చేతులు పైకెత్తి పట్టుకుంది. ఎంతసేపటినుంచి ఉందో. నేను చప్పున నోరు మూసుకుని చెంగు అడ్డం పెట్టుకున్నాను. నవ్వుతుందని చూశాను. నవ్వలేదు.

"నిద్రలో తింటన్నావమ్మా" అంది. "లేపుదామని వచ్చా. లేపబుద్ధి కాలా. నువ్వు తినడం ఎప్పుడూ చూళ్ళేదుగా."

లేచి కూర్చున్నాను.

"నీ అన్నం పోయింది, అటు చూడు. తోలుదామంటే చేతులిట్టా ఉన్నాయి."

కిటికీ గట్టు మీద నా కంచం మూత పక్కకి జరిగి ఉంది. కాకి ఒకటి కంచం అంచున నిలబడి ముద్ద ఎత్తుకుంది, తల వంచి నావంక చూసింది, మళ్ళీ కంచంలో ముక్కు పెట్టింది.

"తోలొద్దులే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నువ్వు తిన్నావా?"

"ఈ చేతులతో ఎట్టా తింటా?"

"ఇట్రా, కూర్చో. పెట్టుకొస్తా." చేతులు చీరకి తుడుచుకుని, గూట్లోంచి ఒక్క కంచమే తీశాను. "ఇద్దరికీ."

సింధూర వచ్చి నా ఎదురుగా గచ్చు మీద కూర్చుంది. కిటికీలో కాకి ఇంకా తింటూనే ఉంది.